చావును అడిగేవాళ్లు ఏమడుగుతున్నారు?

2016లో చిత్తూరు జిల్లా తంబళ్లపల్లె కోర్టుకు ఒక జంట తమ పసిబిడ్డను ఎత్తుకుని వెళ్లింది. బిడ్డకు కాలేయ జబ్బు. మార్పిడి చేస్తే బతుకుతుందని డాక్టర్లు చెప్పారు. దానికయ్యే లక్షలు ఆ ఇంట్లో లేవు. కారుణ్య మరణానికి అనుమతి ఇవ్వమని తల్లిదండ్రులు అర్జీ పెట్టుకున్నారు. సంగతి పత్రికలకెక్కింది, ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది, ఆపరేషన్ జరిగింది. అయిదేళ్ల తర్వాత, 2021లో, అదే జిల్లాలో ఒక తల్లి జబ్బుపడిన కొడుకును తీసుకుని ఇలాంటి అర్జీతోనే పుంగనూరు కోర్టుకు వెళ్లింది. తిరిగి వస్తుంటే ఆ పిల్లవాడు ఆటోలోనే ప్రాణం విడిచాడు.

ఇలాంటి కాగితాలు మన కలెక్టరేట్లకు కొత్త కాదు. ఆస్పత్రి అప్పులు మీదపడ్డవాళ్లు, ఎదుగుదల లేని బిడ్డను పదేళ్లుగా మోస్తున్నవాళ్లు, పింఛను ఆగిపోయినవాళ్లు కారుణ్య మరణం ప్రసాదించమని రాస్తూనే ఉంటారు. ఆ కాగితం మీద అడిగింది చావు. దాన్ని రాయించింది డబ్బు లేకపోవడం, చూసుకునే మనిషి లేకపోవడం, నొప్పి తగ్గించే మందు దొరకకపోవడం.

హైదరాబాదు నుంచి వచ్చిన మరో అర్జీ వీటికి భిన్నం. వెంకటేశ్ అనే పాతికేళ్ల చెస్ ఆటగాడు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీతో కండరాలన్నీ చచ్చుబడి వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతకనని అతనికి తెలుసు. అవయవాలు పాడవకముందే తనను పోనిచ్చి, వాటిని ఇతరులకు అమర్చమన్నాడు. తల్లి అతని పక్షాన నిలబడింది. బ్రెయిన్ డెడ్ కాని మనిషి నుంచి అవయవాలు తీయడానికి చట్టం ఒప్పుకోదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నిరాకరించింది. 2004 డిసెంబరులో వెంకటేశ్ చనిపోయాడు. అతను డబ్బు అడగలేదు, వైద్యం అడగలేదు. తన చావు తన ఇష్టప్రకారం, ఇంకొకరికి పనికొచ్చేలా ఉండాలన్నాడు.

కారుణ్య మరణం గురించి మనం చేసే వాదనల్లో ఈ రెండు రకాల అర్జీలూ కలిసిపోతుంటాయి. ఒప్పుకునేవాళ్లు వెంకటేశ్‌ను చూపిస్తారు, వద్దనేవాళ్లు తంబళ్లపల్లె తల్లిదండ్రులను చూపిస్తారు. నా మటుకు నాకు తేలింది ఇది: పేదరికం రాయించిన అర్జీకి చావు జవాబు కాకూడదు, అలాగని ఆ అర్జీని అడ్డం పెట్టి వెంకటేశ్ లాంటివాళ్ల నోరు మూయించకూడదు.

చర్చ తేటపడాలంటే ముందు ఒక పేరు కింద దూరిన నాలుగు పనులను విడదీయాలి. ఇక ఫలితం లేదనుకున్న చికిత్సను ఆపడం లేదా మొదలుపెట్టకపోవడం ఒకటి. నొప్పి తగ్గించడానికి మార్ఫిన్ ఇస్తే దానివల్ల ఆయుష్షు కొంత తగ్గవచ్చని తెలిసీ ఇవ్వడం రెండోది. రోగి తానే మింగేలా మందు రాసివ్వడం మూడోది. డాక్టరే ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడం నాలుగోది. మన దేశంలో మొదటిది షరతుల మీద చట్టబద్ధం. రెండోది మంచి వైద్యంలో భాగం. మూడోది ఆత్మహత్యకు ప్రేరేపించడం కిందికి వస్తుంది. నాలుగోది ప్రాణహరణం. అయితే పాత శిక్షాస్మృతి 300వ సెక్షన్‌లోని అయిదో మినహాయింపు, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 101వ సెక్షన్‌లోనూ ఉన్నది, పద్దెనిమిదేళ్లు దాటిన మనిషి తన సమ్మతితో చావుకు ఒప్పుకుంటే చంపినవాడి నేరం హత్య కాదని, దానికన్నా తక్కువ నేరమని అంటుంది. అంటే 1860లో చట్టం రాసినవాళ్లకే సమ్మతి నేరం బరువును మారుస్తుందని తోచింది. నేరాన్ని పూర్తిగా తుడిచేస్తుందని మాత్రం వాళ్లు అనలేదు.

మన కోర్టులు ఇక్కడిదాకా వంకర దారిలో వచ్చాయి. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే 309వ సెక్షన్ చెల్లదని 1986లో బొంబాయి హైకోర్టు అంటే, అది చెల్లుతుందని ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 1994లో పి. రత్నం కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సెక్షన్‌ను కొట్టేసింది. రెండేళ్లకే జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు ఆ తీర్పును తోసిపుచ్చి, జీవించే హక్కులో చచ్చే హక్కు లేదన్నారు. ఆ తీర్పులోనే ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు. సహజ మరణం ఎలాగూ మొదలైపోయినప్పుడు గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమేనన్నారు. తర్వాత వచ్చిందంతా ఆ తలుపులోంచి వచ్చిందే.

ఈ ప్రయాణంలో ఇద్దరు తెలుగు న్యాయమూర్తుల పాత్ర మన పాఠకుల్లో చాలామందికి తెలియదు. జస్టిస్ ఎం. జగన్నాధరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లో 196వ నివేదిక ఇచ్చింది. ప్రాణాంతక వ్యాధిలో చికిత్స వద్దన్న రోగికి, ఆ మాట విన్న డాక్టరుకు రక్షణ ఉండాలని అది వాదించింది. 2012లో జస్టిస్ పి.వి. రెడ్డి అధ్యక్షతన వచ్చిన 241వ నివేదిక అదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్లింది. పార్లమెంటు ఈ రెండింటినీ చట్టం చేయలేదు. చట్టసభ చేయాల్సిన పని కోర్టు మీద పడింది.

ఆ మధ్యకాలంలోనే అరుణా శాన్‌భాగ్ కేసు వచ్చింది. ముంబయి కేఈఎం ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఆమె మీద 1973 నవంబరులో ఆస్పత్రి ఊడ్చే ఉద్యోగి ఒకడు దాడిచేసి కుక్కగొలుసుతో మెడ బిగించాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె తిరిగి మామూలు మనిషి కాలేదు. ఆమె గురించి పుస్తకం రాసిన పింకీ విరానీ, ఆమెకు పెట్టే ఆహారం ఆపనివ్వమని సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేఈఎం నర్సులు అడ్డం తిరిగారు. తరాలు మారినా ఆమెను వంతులవారీగా చూసుకుంటూ, ఒంటికి ఒక్క పుండు పడనివ్వకుండా కాపాడిన నర్సులు వాళ్లు. 2011 మార్చిలో కోర్టు, చికిత్స ఆపడాన్ని సూత్రంగా ఒప్పుకుంటూనే, అరుణ విషయంలో మాట్లాడే హక్కు విరానీకి కాక నర్సులకు ఉందని చెప్పింది. 2015 మేలో న్యుమోనియాతో ఆమె చనిపోయింది.

ఈ తీర్పును చాలామంది సగం తీర్పు అంటారు. నాకు అందులో ఒక పెద్ద మాట కనిపిస్తుంది. మాట్లాడలేని మనిషి పక్షాన మాట్లాడే హక్కు ఆ మనిషి ఒళ్లు తుడిచినవాళ్లకు వస్తుందని కోర్టు గుర్తించింది. నీతిశాస్త్ర గ్రంథాల్లో రోగి, డాక్టరు, రాజ్యం అనే ముగ్గురే కనబడతారు. మంచం పక్కన రాత్రుళ్లు మేల్కొని కూర్చున్న నాలుగో మనిషి కనబడదు. ఇక్కడ కనబడింది. అయితే అరుణ తానే చెప్పగలిగితే ఏమనేదో నర్సులకూ తెలియదు. ప్రేమతో చూసుకోవడం, ఆ మనిషి కోరిక తెలిసి ఉండడం ఒకటి కావు. ఆ ఖాళీని పూడ్చడానికే లివింగ్ విల్ అనే కాగితం వచ్చింది.

కామన్ కాజ్ సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవంగా చనిపోయే హక్కు రాజ్యాంగ హక్కేనని తీర్పిచ్చింది. ముందుగానే రాసిపెట్టుకునే ఆదేశాన్ని ఆమోదించింది. కానీ మేజిస్ట్రేటు సంతకం, కలెక్టరు వేసే బోర్డు, మేజిస్ట్రేటే వచ్చి రోగిని చూడడం వంటి మెట్లు పెట్టింది. ఐసీయూలో గంటల లెక్కన సాగే వ్యవహారానికి నెలలు పట్టే దారి అది. 2023 జనవరి 24న సుప్రీంకోర్టే దాన్ని సరళం చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట రాసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకుంటే చాలు. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల ప్రాథమిక బోర్డు, తర్వాత జిల్లా వైద్యాధికారి సూచించిన డాక్టరుతో కూడిన రెండో బోర్డు, వీలైనంతవరకు 48 గంటల్లో తమ అభిప్రాయం చెప్పాలి. అమలు చేసేముందు మేజిస్ట్రేటుకు తెలియజేస్తే సరిపోతుంది.

వెంకటేశ్ ఇవాళ కోర్టుకు వచ్చి ఉంటే అతని కోరికలో మొదటి సగం తీరేది. స్పృహలో ఉండి, విషయం అర్థమై, వెంటిలేటర్ వద్దనే హక్కు అతనికి ఉంది. రెండో సగం కష్టమే. గుండె ఆగిన తర్వాత అవయవాలు సేకరించే పద్ధతి మన దగ్గర చాలా అరుదు.

ఇక అసలు నైతిక వాదం. చికిత్స ఆపి చనిపోనివ్వడం సరే, ఇంజెక్షన్‌తో చంపడం మాత్రం తప్పు అనడంలో హేతువు ఉందా? అమెరికా తత్వవేత్త జేమ్స్ రేచల్స్ 1975లో ఒక వైద్య పత్రికలో రాసిన చిన్న వ్యాసంతో ఈ ప్రశ్న రాజుకుంది. ఆయన ఒక కల్పిత ఉదాహరణ చెప్పాడు. ఆస్తి కోసం ఒకడు చిన్న పిల్లవాణ్ని స్నానాల తొట్టిలో ముంచి చంపుతాడు. ఇంకొకడు అదే ఉద్దేశంతో వెళ్తే, పిల్లవాడు తానే జారిపడి మునిగిపోతుంటాడు. వీడు చెయ్యి చాచకుండా చూస్తూ నిలబడతాడు. ఇద్దరిలో ఎవడు తక్కువ పాపి? ఎవడూ కాడు. కాబట్టి చంపడానికీ చావనివ్వడానికీ దానంతటదిగా నైతిక భేదం లేదని ఆయన వాదన. పైగా చికిత్స ఆపితే రోగి రోజుల తరబడి యాతన పడి పోవచ్చు, ఇంజెక్షన్‌తో ఆ యాతన ఉండదు కదా అంటాడు.

ఈ వాదనలో బలం ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. కానీ ఆ ఉదాహరణలో ఇద్దరూ దుర్మార్గులే. దుర్బుద్ధి సమానమైనప్పుడు చేతి పని తేడా చిన్నదవుతుందని మాత్రమే అది రుజువు చేసింది. సద్బుద్ధి ఉన్న డాక్టరు ముందున్న ప్రశ్న వేరు. ఒక మనిషి ఒంటిలోకి గొట్టం దించాలంటే అతని ఒప్పుదల కావాలి. వద్దంటే తీసేయాలి. అక్కడ డాక్టరు చేసేది చంపడమా కాదా అన్న తర్కం అవసరమే లేదు. ఒప్పుదల లేకుండా తాకే అధికారం అతనికి మొదటినుంచీ లేదు, అంతే. నన్ను ముట్టుకోకు అనే హక్కు, నన్ను చంపు అనే హక్కుకన్నా పాతది, గట్టిది. మొదటిదాన్ని కాదంటే మంచంమీద మనిషి ఆస్పత్రి సొత్తవుతాడు. రెండోదాన్ని ఒప్పుకోవాలంటే ఇంకో మనిషి ముందుకొచ్చి పని చేయాలి, ఆ పనికి సమాజం అనుమతి ఇవ్వాలి. రెండోది తప్పని దీనివల్ల తేలదు. దానికి వేరే వాదన కావాలని తేలుతుంది.

మార్ఫిన్ సంగతి ఇంకా సులువు. ఒకే పనికి రెండు ఫలితాలుండి, మంచి ఫలితాన్నే ఉద్దేశించి చేస్తే చెడు ఫలితం తెలిసినా పని తప్పు కాదన్న ఆలోచన థామస్ అక్వినాస్ కాలం నాటిది. 1957లో పోప్ పన్నెండో పయస్ స్వయంగా డాక్టర్లకు ఈ మాట చెప్పాడు. ప్రాణం దేవుడిచ్చిందని గట్టిగా నమ్మే చర్చికే అభ్యంతరం లేనిచోట మన ఆస్పత్రుల్లో మార్ఫిన్ అంటే ఇంకా భయపడుతున్నారు. సరిగా మోతాదు చూసి ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదని, నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు.

మన సంప్రదాయం ఈ ప్రశ్నకు ఏం చెబుతుందని ఎవరైనా అడిగితే ఒక్క జవాబు దొరకదు. భీష్ముడికి స్వచ్ఛంద మరణం వరం. ప్రాయోపవేశం పురాణాల్లో ఉంది. ఆహారం మానేసి ప్రాణం వదిలే జైనుల సల్లేఖనాన్ని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు నేరమంటే, ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. 1982 నవంబరులో వినోబా భావే పవనార్ ఆశ్రమంలో ఆహారం, మందులు మానేసి ప్రాణం వదిలారు. వీళ్లెవరినీ దేశం ఆత్మహత్య చేసుకున్నవాళ్లుగా చూడలేదు. ఆత్మహత్యను మహాపాపమన్నదీ ఇదే సంప్రదాయం. సల్లేఖనంలోనూ వినోబాలోనూ నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది. ఆ చావువల్ల పక్కవాళ్లకు ఏ లాభమూ లేదు, ఆపొద్దని తొందరపెట్టినవాళ్లు లేరు. ఆపమని బతిమాలినవాళ్లే ఉన్నారు.

దీని పక్కనే పెట్టి చూడాల్సింది తమిళనాడు విరుదునగర్ ప్రాంతపు తలైకూత్తల్. మంచం పట్టిన ముసలివాళ్లకు తెల్లవారుజామున తలంటి, నూనెస్నానం చేయించి, చల్లబరిచే పదార్థాలు ఎక్కువగా తాగించి చనిపోయేలా చేసే ఆచారం. 2010 ప్రాంతంలో పత్రికలు దాన్ని బయటపెట్టాయి. బంధువులంతా వస్తారు, తలా ఒక చెయ్యి వేస్తారు. దానికీ కరుణ అనే పేరే పెట్టుకున్నారు. అందులో కొందరు ముసలివాళ్లు తలూపి ఉండవచ్చు కూడా. తిండిపెట్టే కొడుకు రోజుకూలీ అయినప్పుడు, కోడలు పనికి పోలేక ఇంట్లో ఉండిపోయినప్పుడు ఆ తల ఊపడాన్ని సమ్మతి అనగలమా?

మూడో పనిని, అంటే సహాయంతో చనిపోవడాన్ని, కొన్నిచోట్ల నాలుగోదాన్ని కూడా చట్టం చేసిన దేశాల్లో ఏం జరిగిందో చూడడం ఇక్కడ అవసరం. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 1997 నుంచి ఇది అమల్లో ఉంది. ఆరు నెలలకన్నా ఎక్కువ బతకడని ఇద్దరు డాక్టర్లు చెప్పాలి, మందు రోగే మింగాలి. మందు రాయించుకున్నవాళ్లలో దాదాపు మూడో వంతు దాన్ని వాడకుండానే చనిపోతున్నారు. చేతిలో మందు ఉందన్న ధీమాయే వాళ్లకు చాలింది. ఒరెగాన్ ఏటా వేసే నివేదికల్లో రోగులు చెప్పిన కారణాలు చదివితే మన ఊహ తలకిందులవుతుంది. మొదటి వరుసలో నొప్పి ఉండదు. సొంతంగా పనులు చేసుకోలేకపోవడం, ఇష్టమైనవి చేయలేకపోవడం, గౌరవం పోవడం ఉంటాయి. ఇంటివాళ్లకు భారమవుతామన్న భయం ఇటీవలి ఏళ్లలో నూటికి నలభై మందికి పైగా చెప్పారు. ఒంటరిగా బతికే వీలు, పెన్షన్, బీమా అన్నీ ఉన్న సమాజంలోనే భారమన్న భయం అంత ఉంటే, పిల్లల చేతి మీద బతికే మన ముసలివాళ్లలో అది ఎంత ఉంటుంది?

నెదర్లాండ్స్‌ది పొడవైన కథ. 1973లో ఒక వైద్యురాలికి, నరకయాతన పడుతున్న తన తల్లికి మార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చి చంపినందుకు నామమాత్రపు శిక్ష పడింది. అక్కణ్నుంచి డాక్టర్లు, కోర్టులు కలిసి నియమాలు పేర్చుకుంటూ వచ్చి 2002లో చట్టంగా అమల్లోకి తెచ్చారు. 2023లో ఆ దేశంలో 9,068 మంది ఇలా చనిపోయారు. ఎక్కువ కేసులు క్యాన్సర్ వంటి శారీరక జబ్బులవే. అయినా 2016లో జరిగిన ఒక సంఘటన నన్ను వదలదు. మతిమరుపు జబ్బు వచ్చిన ఒక వృద్ధురాలు, తాను ఇక నర్సింగ్ హోమ్‌లో ఉండాల్సిన స్థితి వస్తే చనిపోనివ్వమని ముందే రాసిపెట్టింది. ఆ స్థితి వచ్చాక ఆమెకు కాఫీలో మత్తుమందు కలిపి ఇచ్చారు. ఇంజెక్షన్ సమయంలో ఆమె పైకి లేవబోతే కుటుంబ సభ్యులు పట్టుకున్నారు. 2020లో ఆ దేశ సుప్రీంకోర్టు డాక్టరు తప్పేమీ లేదని తేల్చింది. రాసిన మనిషి మాట చెల్లాలా, లేవబోయిన మనిషి మాటా? వాళ్లిద్దరూ ఒకే మనిషని కాగితం అంటుంది. ఆ చేతులు పట్టుకున్నవాళ్లకు అలా అనిపించి ఉంటుందని నేను నమ్మలేను.

కెనడా ఇంకో పాఠం. 2016లో చట్టం వచ్చినప్పుడు చావు దగ్గరపడిన రోగులకే అనుమతి. 2021లో ఆ షరతు తీసేశారు, దీర్ఘకాలపు జబ్బు, వైకల్యం ఉన్నవాళ్లూ అడగవచ్చు. 2023లో 15,343 మంది, ఆ ఏడాది మరణాల్లో నూటికి 4.7 మంది, ఇలా పోయారు. న్యాయంగా చెప్పాలంటే, వాళ్లలో చావు దగ్గరపడనివాళ్లు నూటికి నలుగురే. కానీ ఆ కొద్దిమందిలో తమ జబ్బుకు తగిన ఇల్లు దొరక్క దరఖాస్తు చేసుకున్నవాళ్ల కథనాలు 2022లో అక్కడి పత్రికల్లో వచ్చాయి. వికలాంగుల సంఘాలు ఎందుకు మండిపడ్డాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఆరోగ్యవంతుడు చనిపోతానంటే కౌన్సెలింగ్‌కు పంపి, చక్రాల కుర్చీలో ఉన్నవాడు అదే మాటంటే ఫారం ఇస్తే, రెండో వాడి బతుకు విలువ ఎంతని రాజ్యం చెబుతున్నట్టు?

ఒకసారి తలుపు తెరిస్తే నాజీల దగ్గరికి చేరతామని భయపెట్టేవాళ్లున్నారు. ఆ పోలిక సరికాదు. 1939లో మొదలైన టి4 కార్యక్రమంలో రాజ్యం రెండేళ్లలో డెబ్బై వేలమంది మానసిక రోగులను, వికలాంగులను చంపింది. అక్కడ ఎవరినీ ఏమీ అడగలేదు. సమ్మతి మీద నిలిచిన చట్టానికీ దానికీ బంధుత్వం లేదు. నాకున్న భయం వేరు. ఎవరూ బలవంతం చేయకుండానే, చూసుకునే ఏర్పాటు లేనిచోట చావు ఒక్కటే ఖర్చులేని సేవగా మిగలడం.

ఆ భయం ఊహ కాదనడానికి మన మార్ఫిన్ లెక్క చాలు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్ కొనడానికి, దాచడానికి, రవాణాకు వేర్వేరు లైసెన్సులు పెట్టింది. ఒకదాని గడువు అయిపోయేలోపు ఇంకోటి వచ్చేది కాదు. నల్లమందు పండించే దేశంలో క్యాన్సర్ రోగులు నొప్పితో అరుస్తూ పోయారు. 2014లో సవరణ చేసి ఒకే లైసెన్సు చేశారు. అయినా భారతదేశం తన అవసరంలో నూటికి నాలుగు వంతులే తీరుస్తోందని 2017లో లాన్సెట్ కమిషన్ తేల్చింది. ఖరీదు కొద్ది రూపాయలుండే మాత్ర అది. నొప్పి భరించలేక చావు అడిగిన మనిషికి ముందు ఆ మాత్ర ఇచ్చి చూశామా అన్నది ఏ నైతిక చర్చకైనా మొదటి మెట్టు.

చేయలేని పని కాదిది. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కు ప్రభుత్వ విధానం తెచ్చింది. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివాళ్లు మొదలుపెట్టిన పని వాలంటీర్ల చేతుల మీదుగా పంచాయతీలకు చేరింది. హైదరాబాదు ఎంఎన్‌జె క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ బృందం ఏళ్లుగా ఇదే పని చేస్తోంది. తెలంగాణ జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, ‘ఆలన’ పేరుతో మంచం పట్టినవాళ్ల ఇళ్లకు వెళ్లే బండ్లు వచ్చాయి. నొప్పి తగ్గి, పుండు శుభ్రమై, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి దొరికాక చావు అడగడం మానేసినవాళ్లు చాలామంది అని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెబుతారు. అందరూ మానరు. ఆ మిగిలినవాళ్ల మాటే సిసలైన కారుణ్య మరణ ప్రశ్న.

ఇప్పుడు మన ఆస్పత్రుల్లో నిజంగా జరిగేది చూద్దాం. చట్టం చెప్పిన రెండు బోర్డులు కూర్చుని తీర్మానం రాయడం కన్నా, ‘లామా’ అనే కాగితం మీద సంతకం పెట్టించుకోవడం ఎక్కువ. వైద్య సలహాకు విరుద్ధంగా తీసుకుపోతున్నామని కుటుంబం రాసిస్తుంది. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టరు నోటితో చెబుతాడు, కాగితం మీద మాత్రం వద్దన్నా తీసుకెళ్లారని ఉంటుంది. అంబులెన్సులో చేత్తో పిండే సంచితో ఊపిరి అందిస్తూ ఊరికి చేరుస్తారు. ఇంటి ముందు ఆ సంచి తీసేస్తారు. మంచి ఉద్దేశంతో జరిగినప్పుడు కూడా ఇది రోగికి నొప్పి మందు లేని చావు. తులసి తీర్థం పోసే చేతులకు తామే చంపామన్న అనుమానం జీవితమంతా మిగులుతుంది. డబ్బు అయిపోయినందువల్ల తీసుకెళ్లారా, ఆశ అయిపోయినందువల్లా అన్నది ఏ రికార్డులోనూ ఉండదు. పద్ధతి ప్రకారం చికిత్స ఆపడాన్ని వ్యతిరేకించేవాళ్లు ఈ దొడ్డిదారి గురించి ఏం చెబుతారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. ప్రాణం పవిత్రమని వాళ్లు కాపాడుతున్నది ఈ పద్ధతినే.

2024లో కేంద్ర ఆరోగ్యశాఖ చికిత్స ఆపడం మీద ముసాయిదా మార్గదర్శకాలు విడుదల చేస్తే, డాక్టర్ల మీద చట్టపరమైన ఒత్తిడి పెరుగుతుందని ఇండియన్ మెడికల్ అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది. అదే ఏడాది గోవాలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎస్. సోనక్ స్వయంగా లివింగ్ విల్ నమోదు చేయించుకున్నారు. 2025 జనవరిలో కర్ణాటక ప్రభుత్వం సుప్రీంకోర్టు తీర్పు అమలుకు ఉత్తర్వు ఇచ్చింది. జిల్లా వైద్యాధికారి రెండో బోర్డుకు డాక్టర్ల పేర్లు ముందే సిద్ధంగా ఉంచితే తప్ప 48 గంటల మాటకు అర్థం లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి జిల్లాలో ఆ జాబితా ఆస్పత్రి గోడ మీద కనబడాలి.

2018 తీర్పు తేల్చకుండా వదిలిన చిక్కూ ఒకటి ముందుకొచ్చింది. పై అంతస్తు నుంచి పడి పదేళ్లకు పైగా స్పృహ లేని యువకుడి తల్లిదండ్రులు 2024లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే, అతను వెంటిలేటర్ మీద లేడు, గొట్టంతో ఆహారమే అందుతోంది కాబట్టి ఆపడానికి చికిత్స ఏదీ లేదంది కోర్టు. ఆ తల్లిదండ్రులు సుప్రీంకోర్టు గడప ఎక్కారు. గొట్టంతో పెట్టే ఆహారం చికిత్సేనని 1993లో బ్రిటన్ ప్రభువుల సభ ఆంథనీ బ్లాండ్ కేసులో అంది. మనకు అన్నం పెట్టడం అంటే అమ్మ చేతి పని, ఆపడం అనే మాటే నోటికి రాదు. కానీ ముక్కులోంచి పొట్టలోకి దిగిన గొట్టం, డాక్టరు లెక్కకట్టిన ద్రవం, నర్సు కొలిచిన మోతాదు వైద్యమేనని నేను ఒప్పుకుంటున్నాను. కోలుకునే ఆశ లేదని బోర్డులు తేల్చాక, ఆకలి దాహాల బాధ తెలియకుండా మందులిస్తూ దాన్ని ఆపడం అన్నం లాక్కోవడం కాదు.

మూడో పనికి మన దేశం తలుపు తీయాలా అంటే, ఇవాళ వద్దంటాను. ఎన్నడూ వద్దనను. మండల స్థాయిలో మార్ఫిన్ దొరికి, ఇంటికి వచ్చే నర్సు ఉండి, కొన్ని నెలలపాటు పాలియేటివ్ వైద్యం అందిన తర్వాత కూడా, చావు దగ్గరపడిన మనిషి నిండు తెలివితో మళ్లీ మళ్లీ అదే అడిగితే, ఒరెగాన్ తరహాలో తన చేత్తో తాను పోయే హక్కు అతనికి ఉండాలి. వైకల్యం ఒక్కటే కారణంగా దాన్ని ఇవ్వకూడదు. మతి తప్పిన మనిషి మీద పాత కాగితం చూపి ప్రయోగించకూడదు. బిడ్డల తరఫున తల్లిదండ్రులు అడగడానికి అందులో చోటుండకూడదు. ఆ చట్టం రాసే రోజు వస్తే, ముసాయిదా కమిటీలో న్యాయమూర్తులు, డాక్టర్లతో పాటు చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లూ, మంచం పట్టిన అత్తనో భర్తనో ఏళ్ల తరబడి చూసుకున్న ఆడవాళ్లూ కూర్చోవాలి, వాళ్లు ఒప్పుకోని వాక్యం అందులో చేరకూడదు.